పాస్‌పోర్ట్‌కు పాబందీ, పైసకు సలాం

"ఖేల్‌లో సియాసత్ కలపొద్దు" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ మాట అనేవాళ్లలో చాలామంది తమ వంతు సియాసత్ ముందే కలిపేసుకుని, ఇక గిన్నె మీద మూత పెట్టేద్దామనుకునే రకం. క్రికెట్‌లో చూశాం, ఫుట్‌బాల్‌లో చూశాం. మోటార్ రేసింగ్‌లో మాత్రం ఈ వేషం మరీ పచ్చిగా కనిపిస్తుంది. అక్కడ ఒక కారు కదలాలంటే కోట్ల డాలర్లు కావాలి. ఆ డాలర్ల వెనక ఎప్పుడూ ఒక హుకూమతో, ఒక నూనె బావో, ఒక గనో ఉంటుంది.

మా బెల్లంపల్లిలో డ్రైవర్ అంటే మొన్నమొన్నటి దాకా రెండే అర్థాలు. ఒకటి బొగ్గు టిప్పర్ నడిపేవాడు. రెండోది సౌదీలో కఫీల్ ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా పోయినవాడు. ఇప్పుడు మూడో అర్థం వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని మన నౌజవాన్‌లకు ఫార్ములా వన్ డ్రైవర్ల పేర్లన్నీ నోటికొచ్చు. ఏ టీమ్ ఏ టైర్ వేస్తుందో కూడా చెప్తారు. సంతోషమే. కానీ ఈమధ్య మా ఖాందాన్ గ్రూపులో ఒకే వారంలో, ఒకే చేతి నుంచి రెండు ఫార్వర్డ్‌లు వచ్చాయి. ఒకటి: ఇజ్రాయిల్ జెండా మీద కారు నడిపే డ్రైవర్‌ను బ్యాన్ చేయాలి. రెండోది: జెద్దా సర్క్యూట్ రాత్రి వెలుగుల వీడియో, కింద "మాషాఅల్లాహ్, ఇదీ మన ఉమ్మత్ తాఖత్". మొదటి దాంట్లో సియాసత్ ఉండాలి, రెండో దాంట్లో సియాసత్ ఉండొద్దు. ఈ రెండు నాల్కల తరాజూ యూరప్ వాళ్ల దగ్గర ఉందని మనం తిడతాం. అది మన ఇంట్లో కూడా ఉంది.

ముందు మనకు దగ్గర్లో జరిగిందే చూద్దాం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సెక్రటేరియట్ పక్కన రోడ్ల మీదే ఫార్ములా ఈ రేస్ పెట్టారు. కరెంటు కార్ల రేస్. మన దేశంలో ఈ ప్రపంచ చాంపియన్‌షిప్ జరగడం అదే మొదటిసారి. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. టాటాల జాగ్వార్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని సొంత దేశంలోనే ఆగిపోయాయి. ఆ వారం లక్డీకాపూల్ దాటి ఖైరతాబాద్ పోవడానికి జనం పడ్డ తిప్పలు గుర్తున్నవాళ్లకు గెలిచినవాడి పేరు గుర్తుండదు. ఆ రేస్ ఎక్కడి నుంచి వచ్చింది? రెండు వారాల ముందు సౌదీలోని దిరియ్యాలో జరిగి వచ్చింది. ఆ రెండు చోట్లా రోడ్లు ఇచ్చింది హుకూమతే.

మరుసటి ఏడాది ఫిబ్రవరి 10న మళ్లీ జరగాల్సింది. 2023 డిసెంబర్‌లో రాష్ట్రంలో హుకూమత్ మారింది. 2024 జనవరి 5న రేస్ రద్దయిందని నిర్వాహకులు ప్రకటించారు. కొత్త ప్రభుత్వం ఒప్పందం నిలబెట్టుకోలేదని వాళ్లన్నారు. పాత ప్రభుత్వం సుమారు 55 కోట్లు రూల్స్ పాటించకుండా విదేశీ కంపెనీకి కట్టిందని కొత్త ప్రభుత్వం అంది. ఆ డిసెంబర్‌లో ఏసీబీ కేసు పెట్టింది, కేటీఆర్‌ను నిందితుడిగా చేర్చింది. ఆయన తప్పేం చేయలేదంటున్నారు. అది అదాలత్ తేల్చాల్సిన విషయం. నేను చెప్పేది ఒక్కటే. మహీంద్రా టీమ్‌కు సొంత గడ్డ మీద ఉన్న ఒకే ఒక్క రేస్ పోయింది. ఆ టీమ్ మెకానిక్ గానీ డ్రైవర్ గానీ ఏ పార్టీకీ ఓటు వేసినవాళ్లు కాదు. రేసింగ్‌లో సియాసత్ లేదన్నవాళ్లు హైదరాబాద్‌లో తుడిచేసిన ఆ ట్రాక్ గీతల్ని అడగాలి.

ఇది ఒక రాష్ట్రం స్థాయి. ఇప్పుడు దునియా స్థాయికి పోదాం.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పడింది. అది జుల్మ్. ఇందులో అటూ ఇటూ మాట లేదు. ఇరాక్ మీద హమ్లాను జుల్మ్ అన్న నోటితోనే దీన్నీ అనాలి. అనలేనివాళ్లు ఇక్కడితో చదవడం ఆపొచ్చు.

ఆరోజు అమెరికన్ టీమ్ హాస్ బార్సిలోనాలో టెస్టింగ్ చేస్తోంది. దాని కారు మీద రష్యా జెండా రంగులు, యూరల్‌కలి అనే కంపెనీ పేరు. ఆ కంపెనీ దిమిత్రీ మజెపిన్‌ది. ఆయన కొడుకు నికితా మజెపిన్ ఆ కారు డ్రైవర్. మర్నాడు 25న కారు తెల్లగా వచ్చింది, పేరూ లేదు, రంగులూ లేవు. మార్చి 1న అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ ఒక ఫైసలా చెప్పింది: రష్యా, బెలారస్ డ్రైవర్లు నడపొచ్చు, కానీ జెండా లేకుండా, తటస్థులుగా, ఒక హామీ పత్రం మీద దస్తఖత్ పెట్టి. మార్చి 3న రష్యా గ్రాండ్ ప్రి ఒప్పందమే కొట్టేశారు. మార్చి 5న హాస్ టీమ్ మజెపిన్‌ను తీసేసింది. మార్చి 9న యూరోపియన్ యూనియన్ తండ్రినీ కొడుకునూ ఆంక్షల లిస్టులో ఎక్కించింది. బహ్రెయిన్‌లో మొదటి రేస్ మార్చి 20న. మజెపిన్ సీటులో కెవిన్ మాగ్నుసెన్ కూర్చుని ఐదో స్థానం తెచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు.

నికితా మజెపిన్ మీద నాకు హమ్‌దర్దీ ఏమీ లేదు. 2021 సీజన్ అంతా నడిపి ఒక్క పాయింట్ తేలేదు. ఒక అమ్మాయితో అసభ్యంగా ప్రవర్తించిన వీడియో పెట్టి ముందే పరువు పోగొట్టుకున్నాడు. వాలిద్ దౌలత్ లేకుంటే ఆ సీటే లేదు. మజ్లూమ్ అనే మాట అతనికి వాడితే ఆ మాటకే తౌహీన్. కానీ ఇన్సాఫ్‌కు ఇమ్తిహాన్ మనకు నచ్చినవాడి విషయంలో జరగదు, నచ్చనివాడి విషయంలోనే జరుగుతుంది.

సరే, ఆ ఇమ్తిహాన్ ఫలితం ఏమైంది? 2024 మార్చి 20న యూరోపియన్ యూనియన్ సొంత జనరల్ కోర్టే నికితా మీద ఆంక్షలను కొట్టేసింది. తండ్రీకొడుకులన్న రిష్తా ఒక్కటే చాలదు, అతను ఇప్పుడు హాస్ డ్రైవర్ కూడా కాదు కదా అన్నది ఆ ఫైసలా సారాంశం. రెండేళ్లు. రేస్ డ్రైవర్‌కు ఇరవై మూడేళ్ల వయసులో రెండేళ్లంటే జీవితంలో సగం. కోర్టు ఆ కాగితం ఇచ్చింది గానీ సీటు ఇవ్వదు కదా.

ఇక డబ్బు సంగతి వినండి, అసలు తమాషా అక్కడుంది. యూరల్‌కలి తాను ముందే కట్టిన స్పాన్సర్ డబ్బు తిరిగి ఇమ్మంది. కేసు స్విట్జర్లాండ్‌లో మధ్యవర్తుల దగ్గరికి పోయింది. 2024లో ఫైసలా వచ్చింది: హాస్ టీమ్ దాదాపు 90 లక్షల డాలర్లు వెనక్కి కట్టాలి. కట్టడం ఆలస్యమైంది, ఎందుకంటే ఆంక్షల మధ్య రష్యా కంపెనీకి డబ్బు పంపడం బ్యాంకులకు తలనొప్పి. ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో రేస్ జరుగుతుంటే అక్కడి కోర్టు అమీన్లు వచ్చి హాస్ సామాను లెక్క రాసుకున్నారు. డబ్బు ముట్టేదాకా ఆ సామాను దేశం దాటడానికి వీల్లేదన్నారు. రేస్ అయ్యాక డబ్బు చేరింది, ట్రక్కులు కదిలాయి. అంటే డ్రైవర్‌ను తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. డబ్బు మాత్రం రెండున్నరేళ్లు కోర్టుల్లో తిరిగి, చివరికి క్షేమంగా ఇంటికి చేరింది.

అదే జాండ్‌వోర్ట్‌లో, అదే వారాంతంలో, శుక్రవారం ప్రాక్టీస్‌లో సౌబర్ కారులో ఒక కుర్రాడు కూర్చున్నాడు. పేరు రాబర్ట్ ష్వార్ట్‌మన్. తెల్ అవీవ్‌లో పుట్టాడు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెరిగాడు, ఏళ్ల తరబడి రష్యా జెండా కింద గెలిచాడు. 2022లో రష్యా లైసెన్స్ భారమైంది. ఇజ్రాయిల్ లైసెన్స్ తీసుకున్నాడు. ఆ లైసెన్స్ మీదే ఫెరారీ, సౌబర్ కార్లు ప్రాక్టీస్‌లో నడిపాడు. 2025 మేలో అమెరికాలో ఇండియానాపోలిస్ 500కు మొదటిసారి వచ్చి, వచ్చీ రాగానే పోల్ పొజిషన్ కొట్టాడు. అతని పేరు పక్కన ఇజ్రాయిల్ జెండా.

2023 మార్చిలో పుతిన్ మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారంట్ ఇచ్చింది. 2024 నవంబర్‌లో నెతన్యాహు మీద కూడా అదే కోర్టు వారంట్ ఇచ్చింది. ఒకరి దేశపు డ్రైవర్ జెండా మడిచి జేబులో పెట్టుకోవాలి. ఇంకొకరి దేశపు జెండా పోల్ పొజిషన్ పక్కన మెరవొచ్చు. గాజాలో బాంబులు పడుతున్న నెలల్లో ఇజ్రాయిల్ లైసెన్స్ ఉన్నవాళ్లకు ఎఫ్‌ఐఏ ఏ కాగితం పంపలేదు, ఏ దస్తఖత్ అడగలేదు.

ఇంకొంచెం వెనక్కి పోదాం. 2003 మార్చి 20న అమెరికా, బ్రిటన్ ఇరాక్ మీద హమ్లా మొదలుపెట్టాయి. మూడు రోజులకు, మార్చి 23న, ఫార్ములా వన్ ఎక్కడ జరిగింది? మలేషియాలో, సెపాంగ్‌లో. ముస్లిం దేశంలో. డేవిడ్ కౌల్తార్డ్, జెన్సన్ బటన్ బ్రిటన్ జెండా మీదే నడిపారు. బ్రిటన్‌లో ఉన్న టీములన్నీ దర్జాగా వచ్చాయి. కిమీ రైకోనెన్‌కు అది మొదటి విజయం. బగ్దాద్ కాలుతోంది. ఆ సెప్టెంబర్‌లో అమెరికా గ్రాండ్ ప్రి ఇండియానాపోలిస్‌లో యథాప్రకారం జరిగింది. ఎవరి కాంట్రాక్టూ రద్దు కాలేదు. మలేషియా హుకూమత్ కూడా రేస్ ఆపలేదు, అది వేరే కథ.

కాబట్టి "ఉసూల్" అనే మాట వాడకండి. ఉసూల్ అయితే అందరికీ ఒకటే ఉండాలి. ఇది బలమున్నవాడి చేతిలో ఉన్న స్విచ్.

ఇక్కడే మన గ్రూపుల్లో కొందరు లేచి, "అయితే ష్వార్ట్‌మన్‌ను కూడా బ్యాన్ చేయాలి, లెక్క సరిపోతుంది" అంటారు. నేను కాదంటాను. ఎందుకో చెప్తాను.

ఆ దస్తఖత్ కాగితం సంగతి తీసుకోండి. అందులో ఏముంది? నా దేశం జెండా, రంగులు, గీతం వాడను. ఈ జంగ్‌కు మద్దతుగా ఏమీ మాట్లాడను. శాంతికి, తటస్థతకు కట్టుబడతాను. చూడ్డానికి మంచి మాటలే. కానీ దాన్ని ఒక్క పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లనే ఎందుకు అడిగారు? రష్యా డ్రైవర్ రోమన్ రుసినోవ్ ఇది వివక్ష అన్నాడు, పెట్టనన్నాడు. అతని జి డ్రైవ్ టీమ్ వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ నుంచి తప్పుకుంది. ఆ టీమ్‌లో నడపాల్సిన దానియిల్ క్వియాత్ సీటు కూడా దాంతో పోయింది. క్వియాత్ ఎవరో కాదు, ఫార్ములా వన్‌లో మూడుసార్లు పోడియం ఎక్కినవాడు. అతను అమెరికా పోయి నాస్కార్‌లో రెండు మూడు రేసులు నడిపాడు. ఆ టీమ్ వెనక గాజ్‌ప్రోమ్ నెఫ్ట్ డబ్బుందన్నది నిజం. డబ్బును ఆపండి, నేను ఒప్పుకుంటాను. కానీ మనిషిని పిలిచి "ముందు నువ్వు మంచోడివని రాసివ్వు" అనడం వేరు.

ఈ దేశంలో ముసల్మాన్‌గా పుట్టినవాడికి ఆ కాగితం వాసన బాగా తెలుసు. ఎక్కడో పేలుడు జరుగుతుంది. మర్నాడు కాలేజీలో, ఆఫీసులో, బస్సులో మన పిల్లాడి వైపు చూపులు తిరుగుతాయి. "నువ్వు ఖండించావా?" నేను పనిచేసిన ఒక డెస్క్ మీద అలాంటి రాత్రుల్లో హెడ్డింగ్ పెట్టే పని నాకే ఇచ్చేవాళ్లు, ఎలా పెడతానో చూద్దామని. ఎవరూ తిట్టలేదు, గొంతు పెంచలేదు. ఊరికే చూసేవాళ్లు. కసూర్ చేయనివాడు ముందు తన బేకసూరీని రుజువు చేసుకోవాలనే హలఫ్‌నామా ఇది. మన పిల్లల ముందు పెడితే మనకు కోపం వచ్చే కాగితాన్ని ఇంకొకరి పిల్లాడి ముందు మనమే పెడతామా? తెల్ అవీవ్‌లో పుట్టడం ష్వార్ట్‌మన్ చేసిన పని కాదు. ఇండియానాపోలిస్‌లో మైకు ముందు యుద్ధాలు ఆగాలి, శాంతి కావాలి అనే అన్నాడు. అతను గాజా మీద బాంబు వేయలేదు. వేసిన సైన్యానికి రేసింగ్ ప్రపంచంలో ఎవరు డబ్బు అందిస్తున్నారో వెతకండి, దాన్ని పట్టుకోండి.

ఇది నేను సొంతంగా కనిపెట్టిన మాట కాదు. 2005లో ఫలస్తీన్ సంస్థలు బాయ్‌కాట్ పిలుపు ఇచ్చినప్పుడు తర్వాత దానికి రాసుకున్న నియమాల్లో ఈ గీత ఉంది: బాయ్‌కాట్ హుకూమత్ మీద, సంస్థల మీద, జుల్మ్‌లో చెయ్యి ఉన్న కంపెనీల మీద. పుట్టుకను బట్టి, జాతిని బట్టి ఒక మనిషి మీద కాదు. దెబ్బలు తింటున్న ఫలస్తీనీలు ఆ గీత గీసుకున్నారు. ఏసీ గదిలో ఫోన్ పట్టుకుని మనం ఆ గీత చెరిపేస్తామా?

డబ్బు మీద పెట్టిన ఆంక్ష కూడా పేదవాడి దగ్గరికే వచ్చి ఆగుతుందని ఎవరైనా అంటే, దాంట్లో నిజముంది. యూరల్‌కలి అంటే ఏమిటో బెల్లంపల్లి చుట్టుపక్కల పత్తి రైతుకు చెప్తే ఆశ్చర్యపోతాడు. అది పొటాష్ తవ్వే కంపెనీ. మన దేశం పొటాష్ అంతా బయటి నుంచే తెస్తుంది. రష్యా నుంచి, బెలారస్ నుంచి, కెనడా నుంచి, మృత సముద్రం ఉప్పు తీసే ఇజ్రాయిల్ కంపెనీ ఐసీఎల్ నుంచి. 2021 జనవరిలో మన దేశం బెలారస్‌తో టన్ను 247 డాలర్లకు ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాదే బెలారస్ పొటాష్ మీద అమెరికా, యూరప్ పాబందీలు పెట్టాయి. 2022 ఫిబ్రవరి 1 నుంచి లిథువేనియా రైలు దారి మూసేసింది. అదే నెలలో ఐసీఎల్‌తో కుదిరిన ధర టన్ను 590 డాలర్లు. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉన్న పొటాష్ బస్తా మన ఎరువుల దుకాణాల్లో 1700 దాకా పోయింది. ఫార్ములా వన్ కారు మీద ఆ పేరు తుడవడానికి ఒక్క రాత్రి చాలింది. ఆ పేరున్న ఉప్పు కొనే రైతుకు మాత్రం రెండు పంటలు చేతికి రాలేదు. ఒక నియంతను శిక్షించడానికి పెట్టిన పాబందీకి బిల్లు ఎవరికి వచ్చిందో చూశారా? అమ్మిన ఇజ్రాయిల్ కంపెనీకి లాభం, కొన్న తెలంగాణ రైతుకు అప్పు.

అయినా నేను పాబందీలే వద్దనడం లేదు. పనిచేసిన మిసాల్ ఉంది. 1985 అక్టోబర్‌లో దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో గ్రాండ్ ప్రి. వర్ణవివక్ష రాజ్యం, ఎమర్జెన్సీ నడుస్తోంది. ఫ్రాన్స్ ప్రభుత్వం అడిగితే లిజియే, రెనో టీములు పోలేదు. కొందరు స్పాన్సర్లు కార్ల మీద తమ పేర్లు తీయించుకున్నారు. రేస్ జరిగింది, నైజెల్ మాన్సెల్ గెలిచాడు. కానీ ఆ తర్వాత 1992 దాకా ఫార్ములా వన్ ఆ దేశం మొహం చూడలేదు, మండేలా జైలు నుంచి బయటికొచ్చాకే తిరిగి పోయింది. మన దేశం అయితే స్వతంత్రం రాకముందే, 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. అక్కడ బాయ్‌కాట్ అడిగింది ఎవరు? దెబ్బలు తింటున్న నల్లవాళ్లే అడిగారు. మూల్యం చెల్లించింది ఎవరు? రేస్ మానుకున్న టీములు కూడా చెల్లించాయి, పాయింట్లు వదులుకున్నాయి. దెబ్బ తగిలింది రాజ్యానికి, దాని టికెట్ల డబ్బుకు, దాని గొప్పకు. సౌత్ ఆఫ్రికా పాస్‌పోర్ట్ ఉందని ఏ డ్రైవర్‌తోనూ ఆ టీములు దస్తఖత్ పెట్టించలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఇది రాస్తే కొందరు భాయీజాన్‌లకు కోపం వస్తుంది, రానివ్వండి.

2022 మార్చి 12న సౌదీ హుకూమత్ ఒకే రోజు 81 మందికి మరణశిక్ష అమలు చేసింది. రెండు వారాల తర్వాత జెద్దాలో ఫార్ములా వన్. మార్చి 25 శుక్రవారం, ప్రాక్టీస్ జరుగుతుండగానే సర్క్యూట్‌కు కొన్ని మైళ్ల దూరంలో అరామ్‌కో చమురు డిపో మీద హూతీల క్షిపణి పడింది. నల్ల పొగ ట్రాక్ మీదికి కనిపించింది. ఆ రాత్రి డ్రైవర్లు ఒక గదిలో చేరి నాలుగు గంటలకు పైగా మాట్లాడుకున్నారు, తెల్లవారుజాము దాకా. నడపమని కొందరికి అనిపించిందన్నది అందరికీ తెలిసిన విషయమే. చివరికి నడిపారు. అప్పటికి యెమన్‌లో ఏడేళ్లుగా సౌదీ బాంబులు పడుతున్నాయి. ఉక్రెయిన్ కోసం మూడు వారాల ముందు అత్యవసర సమావేశం పెట్టిన ఎఫ్‌ఐఏ, యెమన్ పేరెత్తలేదు. అరామ్‌కో 2020 నుంచి ఫార్ములా వన్‌కు స్పాన్సర్, ఆస్టన్ మార్టిన్ టీమ్ పేరులోనే అరామ్‌కో ఉంది. యూరల్‌కలి పేరు ఒక్క రాత్రిలో చెరిగితే, అరామ్‌కో పేరు పొగ మధ్యలో కూడా మెరిసింది.

అప్పుడు ఎఫ్‌ఐఏ సదర్ ఎవరు? మహమ్మద్ బిన్ సులాయెమ్. దుబాయ్‌వాడు, మిడిల్ ఈస్ట్ ర్యాలీ చాంపియన్‌గా 14 సార్లు గెలిచినవాడు. 2021 డిసెంబర్‌లో ఆ కుర్చీ ఎక్కిన మొదటి యూరప్ బయటి మనిషి. మనవాడు వచ్చాడని మురిశాం. ఆ మనవాడి హయాంలోనే, 2022 డిసెంబర్‌లో, డ్రైవర్లు ముందస్తు ఇజాజత్ లేకుండా రాజకీయ, మతపరమైన మాటలేవీ చెప్పకూడదని రూల్ వచ్చింది. ఏ డ్రైవర్ అయినా ఫలస్తీన్ అనాలన్నా, యెమన్ అనాలన్నా ఇప్పుడు ముందు చిట్టీ రాసి అడగాలి. ఈ ఖామోషీకి తాళం వేసినవాడి పేరు మన పేర్లలాగే ఉంది.

బహ్రెయిన్ మరిచిపోయారా? 2011లో జనం రోడ్ల మీదికొస్తే హుకూమత్ తుపాకులతో జవాబ్ చెప్పింది, ఆ ఏడాది రేస్ రద్దయింది. 2012 ఏప్రిల్‌లో మళ్లీ పెట్టారు. అప్పుడు మన దేశం పేరుతో ఉన్న ఫోర్స్ ఇండియా టీమ్ మనుషులు కారులో వస్తుంటే గొడవ మధ్యలో చిక్కారు, పెట్రోల్ బాంబు వాళ్లకు దగ్గర్లో పడింది. ఇద్దరు ఇంటికి వెళ్లిపోయారు. చీకటి పడేలోపు హోటల్ చేరాలని టీమ్ శుక్రవారం రెండో ప్రాక్టీస్ మానుకుంది. రేస్ మాత్రం ఆగలేదు. మనామాలో ఆ రోజుల్లో పనిచేసిన కరీంనగర్, నిజామాబాద్ మనుషులను అడగండి, ఏ గల్లీలో ఏం జరిగిందో చెప్తారు.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. 2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్ట్ కలిసి ఖతర్ మీద దిగ్బంధం పెట్టాయి. అదీ రంజాన్ నెలలో. ఖతర్‌కు ఉన్న ఒకే ఒక్క భూమి సరిహద్దు మూసేశారు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి దోహా పోయినవాళ్ల ఇళ్లలో ఆ వారం ఫోన్లు ఆగలేదు. పాలు దొరుకుతాయా, ఉద్యోగం ఉంటుందా అని. ముసల్మాన్ దేశాలు ముసల్మాన్ దేశం మీద పెట్టిన పాబందీ అది. ఆ పాబందీ నడుస్తుండగానే 2020 జనవరిలో డాకార్ ర్యాలీని సౌదీ తన ఎడారికి తెచ్చుకుంది. ఖతర్ డ్రైవర్ నాసిర్ అల్ అతియ్యా అప్పటికి మూడుసార్లు డాకార్ గెలిచినవాడు, లండన్ ఒలింపిక్స్‌లో తుపాకీ షూటింగ్‌లో కాంస్యం కూడా తెచ్చినవాడు. అతన్ని రానిచ్చారు. ఖతర్ మామూలు మనిషికి మూసిన గేటు అతనికి తెరిచారు, ఎందుకంటే అతను లేకుంటే డాకార్‌కు మెరుపు ఉండదు. రెండో స్థానంలో వచ్చాడు. 2021లో మళ్లీ వచ్చి మళ్లీ రెండో స్థానం. ఆ ర్యాలీ నడుస్తుండగానే, జనవరి 5న అల్ ఉలాలో కాగితాల మీద సులహ్ కుదిరింది.

అల్ అతియ్యాను రానివ్వడం సరైన పని. డ్రైవర్‌ను డ్రైవర్‌గా చూశారు. అయితే ఆ మర్యాద సరిహద్దు అవతల పాలు కోసం లైను కట్టిన మజ్‌దూర్‌కు ఎందుకు లేదు? పాబందీ లోపలికి పోవడానికి స్టార్‌కు దారి ఉంటుంది, స్పాన్సర్‌కు దారి ఉంటుంది. కఫీల్ దగ్గర పాస్‌పోర్ట్ పెట్టిన మన హౌస్ డ్రైవర్‌కు ఉండదు.

నా వాదన ఇక్కడ నిలబడుతుంది. రేస్ ఒప్పందాల మీద పాబందీ పెట్టండి, టికెట్ల మీద పెట్టండి, కారు మీద రాసే పేర్ల మీద పెట్టండి. రష్యాకు పెట్టండి, ఇజ్రాయిల్‌కు పెట్టండి, యెమన్ మీద బాంబులు వేసినవాళ్లకూ పెట్టండి. డ్రైవర్ నోరు మాత్రం మూయించకండి, అతనితో బలవంతంగా తెరిపించకండి కూడా. ష్వార్ట్‌మన్‌ను నడపనివ్వండి. క్వియాత్‌కు సీటు పోవాల్సింది కాదు. అరామ్‌కో బోర్డు మాత్రం ట్రాక్ పక్కనుంచి దిగాలి.

ఈ ఆఖరి వాక్యాన్ని మా ఖాందాన్ గ్రూపులో ఎంతమంది ఫార్వర్డ్ చేస్తారో చూస్తాను. జెద్దా వీడియోకు గుండె గుర్తులు పెట్టిన నంబర్లన్నీ నా దగ్గర ఉన్నాయి.